అయస్కాంత నానో కణాలు: ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చినవేవి, ల్యాబ్‌లోనే ఆగిపోయినవేవి

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసే సర్జన్ ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. వ్యాధి చంకలోని లింఫు గ్రంథులకు పాకిందా లేదా? ఒకప్పుడు ఈ ప్రశ్న వేసుకోకుండానే గ్రంథులన్నీ తీసేసేవారు. ఆ తర్వాత కొందరికి చెయ్యి వాచిపోయి జీవితాంతం అలాగే ఉండేది, భుజం పట్టేసేది. ఇప్పుడు కణితి నుంచి లింఫు ద్రవం మొట్టమొదట చేరే ఒకటి రెండు గ్రంథుల్ని మాత్రం వెతికి, తీసి, పరీక్షకు పంపుతున్నారు. వాటిని సెంటినల్ నోడ్స్ అంటారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి వెళ్లరు.

వాటిని వెతకడానికి ఏళ్ల తరబడి వాడుతున్నవి రెండు: టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం, నీలి రంగు. టెక్నీషియం అర్ధాయువు 6 గంటలే. కాబట్టి ఇంజెక్షన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య ఎక్కువ వ్యవధి ఉండకూడదు. ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉండాలి, దానికి అనుమతులుండాలి, సరఫరా ఆగకూడదు. 2009–10లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ మూతపడినప్పుడు ప్రపంచమంతటా టెక్నీషియానికి కటకట వచ్చింది. ఆ విభాగం లేని ఆసుపత్రులు మన దగ్గర చాలానే ఉన్నాయి. అలాంటిచోట చవకగా దొరికే మిథిలీన్ బ్లూ ఒక్కదానితోనే పని కానిస్తుంటారు.

రేడియోధార్మికత అక్కర్లేని మూడో దారిగా ఐరన్ ఆక్సైడ్ నానో కణాల ద్రవం వచ్చింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఎండోమ్యాగ్ సంస్థ దీన్ని మొదట సియెన్నా ప్లస్ పేరుతో, తర్వాత మ్యాగ్‌ట్రేస్ పేరుతో తెచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఆమోదించింది. 2024లో ఆ సంస్థను హోలోజిక్ అనే అమెరికా కంపెనీ కొనేసింది. బ్రిటన్, నెదర్లాండ్స్ ఆసుపత్రుల్లో 160 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన పరీక్షలో పాత పద్ధతితో 95.0 శాతం మందిలో, అయస్కాంత పద్ధతితో 94.4 శాతం మందిలో సెంటినల్ నోడ్ దొరికింది. రెండూ ఇంచుమించు సమానమే.

పని జరిగే తీరు ఇది. ముదురు గోధుమ రంగులో ఉండే ద్రవాన్ని 2 మి.లీ. దాకా చనుమొన చుట్టూ నల్లగా ఉండే చర్మం కిందో, కణితి పక్కనో ఎక్కిస్తారు. ఐదు నిమిషాలు ఆ చోటును మర్దన చేస్తారు. కనీసం 20 నిమిషాలు ఆగాలి. కావాలంటే ఆపరేషన్‌కు కొన్ని రోజుల ముందే ఇంజెక్షన్ ఇచ్చేయొచ్చు, ఎందుకంటే గ్రంథిలోని మాక్రోఫేజ్ కణాలు ఈ నానో కణాలను మింగి వారాల తరబడి తమలోనే ఉంచుకుంటాయి. ఆపరేషన్ సమయంలో సర్జన్ పెన్నులా పట్టుకునే ప్రోబ్‌ను చంక మీద ఆనిస్తారు. ప్రోబ్‌లోని కాయిల్ చిన్నపాటి ఏసీ (దిశ మారుతూ ఉండే) అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దానికి స్పందించి ఇనుప కణాలు అయస్కాంతాలుగా మారతాయి, ఆ మార్పును ప్రోబ్ పసిగట్టి అంకె చూపిస్తుంది, శబ్దం చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ అంకె చూపిన గ్రంథిని తీస్తారు. దాని అంకెలో పదో వంతుకు మించి చూపించే గ్రంథుల్నీ తీస్తారు. గ్రంథి గోధుమ రంగుకో నలుపుకో తిరిగి కంటికీ ఆనుతుంది.

ఇబ్బందులు ఎక్కడొస్తాయంటే, మొదట పరికరాలతో. ప్రోబ్‌కు ఇనుప కణమూ ఒకటే, గాయాన్ని తెరిచి పట్టే స్టీలు రిట్రాక్టరూ ఒకటే. ప్రోబ్ పెట్టే ప్రతిసారీ లోహపు పరికరాలను గాయం నుంచి బయటికి తీయాలి, లేదా పాలిమర్ రిట్రాక్టర్లు వాడాలి. రెండోది, మనిషి కణజాలం అయస్కాంతాన్ని స్వల్పంగా వికర్షిస్తుంది కనుక ప్రోబ్‌లో మైనస్ అంకె వస్తుంది. కాయిల్ వేడెక్కే కొద్దీ సున్నా స్థానం కూడా జరిగిపోతుంది. అందుకే మధ్యమధ్యలో ప్రోబ్‌ను తిరిగి బ్యాలెన్స్ చేయాలి. ఈ పని మరిచిపోతే బలహీనంగా పలికే లోతైన గ్రంథి తప్పిపోతుంది. ప్రోబ్ చూపు కొన్ని సెంటీమీటర్లకు మించదు కాబట్టి చంకలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో గట్టిగా అదిమి పెట్టి వెతకాలి. చంకలోగానీ ఛాతీలోగానీ లోహపు ఇంప్లాంట్ ఉన్నవారికి, ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉన్నవారికి, ఐరన్ ఆక్సైడ్‌కో, డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుల పదార్థానికో అలర్జీ ఉన్నవారికి ఇది పనికిరాదు.

రోగికి ముందే చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. ఇంజెక్షన్ చేసిన చోట చర్మం మీద గోధుమ రంగు మచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. ఇంతకన్నా ముఖ్యం, ఆ రొమ్ముకు తర్వాత ఎం.ఆర్.ఐ. తీస్తే కణాలు మిగిలిన చోట చిత్రంలో నల్లటి ఖాళీ పడుతుంది. రొమ్ములో కొంత భాగమే తీయించుకుని, ఏటా ఎం.ఆర్.ఐ. తీయించుకోవాల్సిన వారి విషయంలో సర్జన్ ఈ లెక్క ముందే చూసుకోవాలి. ద్రవం పేరు, మోతాదు, తేదీ, ఏ వైపు అన్నవి డిశ్చార్జ్ సమ్మరీలో ఉండాలి.

నానో వైద్యం మీద వచ్చే వేల పరిశోధనల మధ్య ఈ సాదాసీదా ద్రవాన్ని ముందుగా చెప్పడానికి కారణం ఉంది. కణం మీద ఎంత తక్కువ పని పెడితే అది అంత తొందరగా రోగి దాకా వచ్చింది. ఇక్కడ కణం చేయాల్సింది ఒక్కటే, లింఫు వెంట వెళ్లి కనబడటం. వేడెక్కమంటే కష్టం పెరుగుతుంది. రక్తంలో తిరిగి, కణితిని వెతుక్కుని, మందు విడిచిపెట్టమంటే ఇంకా పెరుగుతుంది. ఎందుకో అర్థం కావాలంటే కణం లోపలికి చూడాలి.

లోపలి గింజ

ఈ కణాల్లో రెండు భాగాలుంటాయి. లోపల అయస్కాంత గుణమున్న గింజ, పైన తొడుగు. గింజది ఒక పదార్థం, తొడుగుది మరో పదార్థం కనుకనే హైబ్రిడ్ అంటున్నారు. గింజ సాధారణంగా మ్యాగ్నెటైట్, లేదా అది గాలికి ఆక్సీకరణం చెందగా వచ్చే మాగ్‌హెమైట్. రెండూ ఐరన్ ఆక్సైడ్లే. కోబాల్ట్, శుద్ధ ఇనుము వీటికన్నా బలమైన అయస్కాంతాలే. కానీ కోబాల్ట్ విషపూరితం, శుద్ధ ఇనుము నానో సైజులో గాలి తగలగానే ఆక్సైడ్ అయిపోతుంది. ఐరన్ ఆక్సైడ్‌ను మాత్రం శరీరం మెల్లగా కరిగించి, ఆ ఇనుమును ఫెర్రిటిన్ అనే ప్రోటీన్‌లో దాచుకుని, హిమోగ్లోబిన్ తయారీకి వాడుకోగలదు. పెద్దవారి ఒంట్లో మామూలుగానే 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. సెంటినల్ నోడ్ కోసం ఎక్కించే 2 మి.లీ.లో ఉండేది 50–60 మి.గ్రా.

గింజ సైజు సుమారు 20 నానోమీటర్ల లోపు ఎందుకుండాలి? పెద్ద అయస్కాంతపు ముక్క ఒకసారి అయస్కాంతీకరణ చెందితే బయటి క్షేత్రం తీసేశాక కూడా అలాగే ఉంటుంది. అలాంటి ముక్కలు రక్తంలో ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డలు కడతాయి, సన్నటి నాళాలను మూసేస్తాయి. గింజ బాగా చిన్నదైతే గది ఉష్ణోగ్రత దగ్గరి వేడి చాలు, దాని అయస్కాంత దిశ క్షణక్షణానికీ తిరగబడుతూనే ఉంటుంది. బయటి క్షేత్రం ఉన్నంతసేపు అయస్కాంతం, తీసేయగానే మామూలు కణం. దీన్ని సూపర్ పారా మ్యాగ్నెటిజం అంటారు. మనిషి ఒంట్లోకి వెళ్లే కణానికి ఈ గుణం ఉండి తీరాలి.

తయారీకి ఎక్కువ ల్యాబ్‌లు వాడే పద్ధతి కో-ప్రెసిపిటేషన్. ఫ్రాన్స్‌కు చెందిన మసార్ 1981లో ప్రచురించిన పద్ధతి ఇది. ఫెర్రస్, ఫెర్రిక్ లవణాలను ఒకటికి రెండు మోల్ నిష్పత్తిలో కలిపి క్షారం పోయడమే. చేతికందే లెక్కలో చెప్పాలంటే 2.7 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 1 గ్రాము ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్, 100 మి.లీ. నీరు. నీటిలోకి ముందుగా అరగంట నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్ తీసేయాలి. బాగా కలియతిప్పుతూ 25 శాతం అమోనియా 10 మి.లీ. పోస్తే ద్రావణం చూస్తుండగానే నల్లబడుతుంది. అరగంట అలాగే తిప్పి, గిన్నె కింద బలమైన అయస్కాంతం పెట్టి, పైనున్న నీరు వంపేసి, పీహెచ్ మామూలయ్యేదాకా మూడు నాలుగు సార్లు కడగాలి. ఒక గ్రాముకు కాస్త ఎక్కువ మ్యాగ్నెటైట్ చేతికొస్తుంది.

చెప్పినంత తేలిగ్గా ఉండదు. నలుపు బదులు ఇటుక రంగు వచ్చిందంటే ఫెర్రస్ అయాన్ ఆక్సీకరణం చెందిందని అర్థం. చాలాసార్లు తప్పు నైట్రోజన్‌ది కాదు, సీసాది. పాతబడిన ఫెర్రస్ క్లోరైడ్ సీసాలోనే ఫెర్రిక్‌గా మారిపోతుంది. లేత ఆకుపచ్చగా ఉండాల్సిన పొడి పసుపుకో గోధుమకో తిరిగితే పారేయాలి. కొత్తవాళ్లు మాగ్నెటిక్ స్టిరర్ వాడతారు, తయారైన కణాలన్నీ ఆ బిళ్లకే అంటుకుపోతాయి. పై నుంచి మోటారుతో తిప్పే స్టిరర్ వాడాలి. ఇక అన్నిటికన్నా ఎక్కువ మంది చేసేది, కణాలను పొడిగా ఆరబెట్టడం. ఒకసారి ఎండితే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మళ్లీ నీళ్లలో వేసి ఎంత సోనికేషన్ (శబ్ద తరంగాలతో విడగొట్టడం) చేసినా విడివిడి కణాలుగా రావు. తొడుగు తొడిగేదాకా నీటిలోనే ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టినా ఇదే గతి.

కో-ప్రెసిపిటేషన్‌లో కణాల సైజులు ఒక్కలా ఉండవు. 6 నానోమీటర్లవీ, 15 నానోమీటర్లవీ కలిసి వస్తాయి. ఒకే సైజు కావాలంటే ఐరన్ ఓలియేట్‌ను 300 డిగ్రీలు దాటిన వేడిలో విడగొట్టే థర్మల్ డీకంపోజిషన్ పద్ధతికి వెళ్లాలి. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో తేగ్వాన్ హ్యోన్ బృందం 2004లో ఈ దారిలో ఒకే విడతలో 40 గ్రాములు తీసి చూపించింది. అయితే ఆ కణాలు ఓలియిక్ ఆమ్లపు పొరతో పుడతాయి. నూనెలో కలుస్తాయి, నీటిలో కలవవు. వాటిని నీటికి మార్చడం మళ్లీ వేరే పని, ఆ మార్పిడిలోనే సగం బ్యాచ్‌లు పాడవుతుంటాయి.

తొడుగే తేలుస్తుంది

గింజ భౌతికశాస్త్రం చూసుకుంటుంది. ఒంట్లో ఏం జరుగుతుందన్నది మాత్రం తొడుగు చేతిలో ఉంది. రక్తంలోకి వెళ్లిన క్షణాల్లోనే కణం మీద రక్తంలోని ప్రోటీన్లు పేరుకుంటాయి. కాలేయంలోని కుప్ఫర్ కణాలు, ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు ఆ ప్రోటీన్ల గుర్తు పట్టి కణాన్ని మింగేస్తాయి. తొడుగు సహా మొత్తం సైజు 6 నానోమీటర్ల కన్నా తక్కువైతే మూత్రపిండాలు వడకట్టేస్తాయి, 200 దాటితే ప్లీహం ఆపేస్తుంది. మధ్యలో ఉన్నవాటిని కూడా ఎక్కువగా కాలేయమే పట్టుకుంటుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ తొడుగు వేస్తే ఈ మింగుడు ఆలస్యమవుతుంది, ఆగదు.

సైజు విషయంలో చదివేవారు గమనించాల్సింది ఒకటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో సాధారణంగా కనిపించేది గింజ ఒక్కటే. ద్రవంలో కదిలే కణాల మీద కాంతి వేసి కొలిచే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌లో వచ్చేది తొడుగు, దాని చుట్టూ అంటిన నీటి పొరతో కలిపి. 10 నానోమీటర్ల గింజ ఉన్న కణం అక్కడ 60 చూపించొచ్చు. శరీరానికి తగిలేది ఆ 60. పరిశోధన పత్రంలో 10 అని మాత్రమే రాసి ఉంటే అసలు సమాచారం ఇవ్వనట్టే.

డెక్స్‌ట్రాన్, దాని కార్బాక్సీ రూపాలు పాతవి, బాగా పరీక్షకు నిలిచినవి. సిలికా తొడుగు గట్టిది, దాని మీద అమైన్ గుంపులు తేలిగ్గా అంటించొచ్చు. బంగారు తొడుగు పరిశోధకులకు చాలా ఇష్టం. యాంటీబాడీలను థయోల్ (గంధకపు) బంధంతో అతికించొచ్చు, మందాన్ని బట్టి లేజర్ కాంతికి వేడెక్కుతుంది కూడా. కానీ దానికి చెల్లించే మూల్యం ఎంతో చిన్న లెక్కలో తెలుస్తుంది. 10 నానోమీటర్ల మ్యాగ్నెటైట్ గింజ మీద 2 నానోమీటర్ల మందాన తొడుగు వేశామనుకుందాం. వ్యాసం 14 అవుతుంది. ఘనపరిమాణం వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక గింజ వాటా 1000, మొత్తం 2744, తొడుగు 1744. బంగారం సాంద్రత 19.3, మ్యాగ్నెటైట్‌ది 5.2. బరువు లెక్కన కణంలో మ్యాగ్నెటైట్ మిగిలేది 13 శాతమే. గ్రాముకు 70 ఈఎంయూ (అయస్కాంతత్వపు కొలమానం) అయస్కాంతత్వం ఉన్న గింజ ఇప్పుడు 9 దగ్గర ఆగుతుంది. అదే మందంలో సిలికా వేస్తే 60 శాతం మిగులుతుంది, అంటే 42 ఈఎంయూ. పైగా బంగారం నేరుగా ఐరన్ ఆక్సైడ్ మీద సమంగా పరుచుకోదు, మధ్యలో సిలికాయో పాలిమరో పెట్టాల్సి వస్తుంది. ప్రతి పొరా ఒక కొత్త పని నేర్పుతుంది, ఒక పాత బలం తగ్గిస్తుంది. ఒక్క కణానికి నాలుగు ఐదు పనులు నేర్పామనే ప్రకటనలు చూసినప్పుడు నేను మొదట వెతికేది గ్రాముకు మిగిలిన అయస్కాంతత్వం ఎంతని.

కాలేయం మింగేయడమే పనికొచ్చిన సందర్భం కూడా ఉంది. 1996లో అమెరికాలో ఆమోదం పొందిన ఫెరిడెక్స్ అనే ఎం.ఆర్.ఐ. మందులో కణాలు కుప్ఫర్ కణాల్లోకి చేరి ఆరోగ్యంగా ఉన్న కాలేయాన్ని చిత్రంలో నల్లగా చేసేవి. కుప్ఫర్ కణాలు లేని క్యాన్సర్ గడ్డ తెల్లగా మిగిలి బయటపడేది. శాస్త్రం బాగానే ఉన్నా, గెడోలినియం మందుల పోటీలో అది 2008 ప్రాంతంలో మార్కెట్ నుంచి తప్పుకుంది.

తొడుగు భద్రతకూ బాధ్యురాలే. మూత్రపిండాల రోగుల రక్తహీనతకు 2009లో ఆమోదం పొందిన ఫెరుమాక్సిటాల్ ఇలాంటి నానో కణాల ద్రవమే. చక్కెర గొలుసుల తొడుగు, లోపల ఐరన్ ఆక్సైడ్, ఒక డోసులో 510 మి.గ్రా. ఇనుము. మొదట్లో సూదితో సెకన్ల వ్యవధిలో ఎక్కించేవారు. కొందరిలో ప్రాణాంతకమైన అలర్జీలు వచ్చాయి. 2015లో ఎఫ్‌డీఏ బాక్స్ హెచ్చరిక పెట్టించి, సెలైన్‌లో కలిపి కనీసం 15 నిమిషాలు పట్టేలా ఎక్కించాలని, తర్వాత కనీసం 30 నిమిషాలు రోగిని కనిపెట్టుకుని ఉండాలని నిబంధన మార్చింది. ద్రవం అదే, ఎక్కించే వేగం మార్చాల్సి వచ్చింది. జంతువుల్లో బయటపడని అలర్జీ ఇలా మనుషుల దగ్గరే బయటపడుతుంది.

వేడెక్కమంటే

అయస్కాంత కణాలను క్యాన్సర్ మీద వేడికి వాడాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో గిల్‌క్రిస్ట్ బృందం 1957లోనే లింఫు గ్రంథుల్లోకి కణాలను పంపి, 1.2 మెగాహెర్ట్జ్ క్షేత్రంతో వేడి చేసి చూసింది. ఏసీ క్షేత్రంలో కణపు అయస్కాంత దిశ అటూ ఇటూ తిరుగుతుంటే రెండు రకాలుగా వేడి పుడుతుంది. గింజ లోపల దిశ మాత్రమే తిరగడం నీల్ పద్ధతి, కణమంతా ద్రవంలో గిరగిరా తిరగడం బ్రౌన్ పద్ధతి. పరీక్షనాళికలోని నీటిలో రెండూ జరుగుతాయి. కణితిలోకి ఎక్కించాక కణం కణజాలంలో ఇరుక్కుపోతుంది, తిరగలేదు. బ్రౌన్ వేడి దాదాపు పోతుంది. నీటిలో గొప్పగా వేడెక్కిన కణం ఒంట్లో చల్లబడటానికి ఇదొక ముఖ్య కారణం. జెల్‌లోనో గ్లిసరాల్‌లోనో పెట్టి కూడా కొలిచారా అన్నది చూడాలి.

కొలిచే పద్ధతి సులువుగా కనిపిస్తుంది. 1 మి.లీ. నీటిలో 5 మి.గ్రా. ఇనుము ఉండి, క్షేత్రం పెట్టగానే సెకనుకు 0.06 డిగ్రీలు పెరిగితే, 4.18ని 0.06తో గుణించి 0.005తో భాగించాలి. గ్రాముకు సుమారు 50 వాట్లు. తప్పులు జరిగేది ఇక్కడే. కాయిల్ తానే వేడెక్కి గొట్టాన్ని వేడి చేస్తుంది, కాబట్టి ఉత్త నీళ్లు పెట్టి అదే కొలత తీసి తీసేయాలి. మామూలు థర్మోకపుల్ లోహం కనుక అదీ క్షేత్రానికి వేడెక్కుతుంది, ఆప్టికల్ ఫైబర్ థర్మామీటరే వాడాలి. మొదటి కొన్ని సెకన్ల వాలు మాత్రమే తీసుకోవాలి. ఆలస్యమైతే వేడి బయటికి పోవడం మొదలై అంకె తగ్గుతుంది.

అసలు అడ్డు వేరే ఉంది. ఏసీ క్షేత్రం కణాలు లేని మామూలు కణజాలంలోనూ విద్యుత్తు పుట్టించి వేడి చేస్తుంది. ఆ వేడి క్షేత్ర బలం, ఫ్రీక్వెన్సీల లబ్ధపు వర్గాన్ని బట్టి, శరీర భాగపు వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొండెం చుట్టూ కాయిల్ పెట్టి మనుషుల మీద చేసిన పరీక్షల నుంచి బ్రెజోవిచ్ అనే పరిశోధకుడు ఒక హద్దు చెప్పాడు: మీటరుకు యాంపియర్లలో బలం, హెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ తీసుకుంటే, వాటి లబ్ధం 48.5 కోట్లు దాటకూడదని. అంటే 100 కిలోహెర్ట్జ్ దగ్గర మీటరుకు 4.85 కిలో యాంపియర్లు. సన్నటి భాగాలకు ఇంతకన్నా ఎక్కువ ఓర్చుకోవచ్చు. కానీ ల్యాబ్‌లో 300 కిలోహెర్ట్జ్, మీటరుకు 25 కిలో యాంపియర్ల దగ్గర గొప్ప ఫలితం వచ్చిందని రాస్తే, అది ఆ హద్దుకు 15 రెట్లు. ఆ క్షేత్రంలో మనిషిని పడుకోబెట్టలేం.

మనుషుల దాకా తెచ్చింది బెర్లిన్‌కు చెందిన మ్యాగ్‌ఫోర్స్. అమైనోసిలేన్ తొడుగున్న సుమారు 12 నానోమీటర్ల ఐరన్ ఆక్సైడ్, మి.లీ.కి 112 మి.గ్రా. ఇనుము, పేరు నానోథెర్మ్. 2010లో ఐరోపాలో మెదడు కణితులకు అనుమతి దొరికింది. రక్తంలోకి కాదు, పుర్రెకు చిన్న రంధ్రం చేసి నేరుగా కణితిలోకే ఎక్కించేవారు. తల చుట్టూ 100 కిలోహెర్ట్జ్ క్షేత్రం పెట్టి గంటేసి చొప్పున ఆరుసార్లు వేడి, దానితోపాటు రేడియేషన్. 2011లో వచ్చిన నివేదికలో తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్న 59 మందికి, వ్యాధి తిరిగొచ్చినట్టు తెలిసిన నాటి నుంచి మధ్యస్థ జీవితకాలం 13.4 నెలలు వచ్చింది. పాత రికార్డులకన్నా మెరుగే. అయితే పోల్చడానికి అదే పరీక్షలో వేరే చికిత్స పొందిన రెండో బృందం లేదు. కాబట్టి ఆ తేడా ఎంతవరకు వేడిది, ఎంతవరకు ఎంపిక చేసిన రోగులది అన్నది దాని నుంచి తేల్చలేం.

రోగి పడే ఇబ్బందులూ తక్కువేమీ కాదు. క్షేత్రంలో లోహం వేడెక్కుతుంది కనుక పళ్లలోని లోహపు ఫిల్లింగులు, క్యాపులు ముందుగా తీయించాలి. చికిత్స తర్వాత ఆ చోట ఎం.ఆర్.ఐ. చిత్రం పనికిరాదు, సీటీతోనో పెట్‌తోనో నెట్టుకురావాలి. మెదడు కణితి తిరగబెట్టిందో లేదో చూడటానికి ఎం.ఆర్.ఐ. ఎంత కీలకమో తెలిసినవారికి ఇది ఎంత పెద్ద నష్టమో అర్థమవుతుంది. తర్వాత జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో కణితి తీసేసిన గుంత గోడలకు ఈ కణాలను పూసి వేడి చేశారు. 2019లో ప్రచురించిన ఆ ఆరుగురి అనుభవంలో కణాల చుట్టూ మెదడు గట్టిగా వాచింది. స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వచ్చింది, కొందరికి మళ్లీ ఆపరేషన్ చేసి కణాలను తీసేయాల్సి వచ్చింది. ఆ వాపులో క్యాన్సర్ మీద తిరగబడ్డ రోగనిరోధక స్పందన ఉందేమోనన్న ఆశ కూడా అక్కడే మొదలైంది. మ్యాగ్‌ఫోర్స్ మాత్రం 2022లో దివాలా ప్రకటించింది.

మందును అయస్కాంతంతో లాగడం

కణానికి మందు అంటించి, రక్తంలోకి వదిలి, కణితి మీద అయస్కాంతం పెట్టి అక్కడే ఆపేయడం వినడానికి చాలా బాగుంటుంది. 1996లో బెర్లిన్‌లో ల్యూబే బృందం ఎపిరుబిసిన్ అనే క్యాన్సర్ మందు అంటించిన ఫెర్రోఫ్లూయిడ్‌ను (అయస్కాంత కణాల ద్రవాన్ని) 14 మందికి ఇచ్చింది. అయస్కాంతం దగ్గర కొంత ఆగింది, కొంత కాలేయానికి చేరింది. తర్వాతి మూడు దశాబ్దాల్లో ఇది మామూలు చికిత్సగా మారలేదు.

కారణం దూరం. చిన్న అయస్కాంతం నుంచి దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతుకు, కణాన్ని లాగే బలం పదహారో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది. చర్మం కింద ఒక సెంటీమీటరులో ఉన్న కణితికి పనిచేసేది, పది సెంటీమీటర్ల లోతున్న క్లోమానికి పనిచేయదు. బయట ఒకే అయస్కాంతం పెడితే బలం ఎప్పుడూ ఉపరితలం దగ్గరే ఎక్కువ, లోపల ఒకచోట గుమిగూడేలా చేయలేం. మరోపక్క రక్తం పెద్ద ధమనుల్లో సెకనుకు పదుల సెంటీమీటర్ల వేగంతో పోతుంటుంది. టొరంటోలో వారెన్ చాన్ బృందం 2016లో పదేళ్ల జంతు పరిశోధనలన్నీ కూడి చూస్తే, రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరిన మధ్యస్థ వాటా 0.7 శాతం. ఆ లెక్క అయస్కాంత కణాలదే కాదు, అన్ని రకాలదీ.

ఒంటి బయట మాత్రం ఈ అడ్డంకులేవీ లేవు. అందుకే కణాలు అన్నిటికన్నా విస్తారంగా పనిచేస్తున్నది పరీక్షనాళికల్లో. కోవిడ్ రోజుల్లో మన రాష్ట్రాల్లోని ఆర్‌టీ-పీసీఆర్ ల్యాబ్‌లలోనూ వాడిన ఆటోమేటిక్ ఆర్‌ఎన్‌ఏ యంత్రాల్లో ఉండేవి సిలికా తొడిగిన అయస్కాంత పూసలు. గ్వానిడిన్ లవణం సమక్షంలో ఆర్‌ఎన్‌ఏ సిలికాకు అంటుకుంటుంది, అయస్కాంతం పూసలను గోడకు పట్టి ఉంచుతుంది, ఆల్కహాల్‌తో కడుగుతారు, చివరికి కొద్దిపాటి నీటిలోకి ఆర్‌ఎన్‌ఏను దించుతారు. ఆల్కహాల్ మిగిలితే పీసీఆర్ ఆగిపోతుంది. పూసలను మరీ ఎండబెడితే ఆర్‌ఎన్‌ఏ వాటిని వదలదు. అడుగున పేరుకున్న పూసలను బాగా కదపకుండా పోస్తే మొదటి నమూనాకు తక్కువ, చివరిదానికి ఎక్కువ పడతాయి. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కించే సెల్‌సెర్చ్ పరీక్షకు 2004లోనే ఆమోదం దొరికింది. 7.5 మి.లీ. రక్తంలో, యాంటీబాడీ తొడిగిన ఫెర్రోఫ్లూయిడ్‌తో ఆ కణాలను పట్టి తీస్తారు. శరీరంలో పాకిన రొమ్ము క్యాన్సర్‌లో ఐదు, అంతకు మించి దొరికితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని అర్థం.

క్యాన్సర్‌ను కరిగించే కొత్త నానో కణం వచ్చిందన్న వార్త కనిపిస్తే అడగాల్సినవి పై విషయాల నుంచే వస్తాయి. కణాన్ని కణితిలోకి నేరుగా గుచ్చారా, రక్తంలోకి ఎక్కించారా? వేడి ఏ ఫ్రీక్వెన్సీ, ఏ బలం దగ్గర? తొడుగుతో కలిపి సైజు ఎంత? కాలేయంలో ఎంత చేరింది, ఎన్నాళ్లుంది? వీటన్నిటికీ సమాధానం ఉన్నా ఇంకొక లెక్క చూసుకోవాలి. ప్రయోగాల్లో వాడే చిట్టెలుక బరువు 20 గ్రాములు. దాని చర్మం కింద పెంచే కణితి 200 ఘన మిల్లీమీటర్లంటే సుమారు 0.2 గ్రాములు, ఒంటి బరువులో ఒక శాతం. 60 కిలోల మనిషిలో అది 600 గ్రాముల కణితితో సమానం. ఎలుక కణితి అయస్కాంతానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, దాని ఒళ్లు రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పే కనుక ఏసీ క్షేత్రపు అనవసర వేడి దాదాపు తగలదు. అక్కడ సాధించిన ఉష్ణోగ్రతను మనిషికి అన్వయించేటప్పుడు ఈ మూడూ ఒకేసారి మారిపోతాయి.